పేరు చెప్పని ప్రార్థన

"ప్రభువా, మా మధ్య ఒక సహోదరి ఉండాది. పేరు చెప్పకూడదు" అని రాహేలమ్మ గొంతెత్తింది. బాగేపల్లి చర్చిలో శుక్రవారం స్త్రీల ఉపవాస కూటమికి ఆమే పెద్ద. "ఆ బిడ్డ చింతామణిలో మనసు డాక్టరు ఇచ్చిన మాత్రలు మింగుతాండాది, తండ్రీ. ఆదివారం మా పిల్లలకు పాటలు నేర్పే ఆ బిడ్డను ముట్టి స్వస్థపరచు!"

పేరొక్కటే చెప్పలేదు, మహాతల్లి. పిల్లలకు పాటలు నేర్పేది చర్చి మొత్తానికి వినుత ఒక్కతే. మూసుకున్న కళ్ళన్నీ తెరుచుకుని ఆమె మీద వాలాయి.

కూటమి కాగానే వినుత రాహేలమ్మను వాకిట్లో పట్టుకుంది.

"నీకొక్కదానికే కదక్కా చెప్తిని?"

"ప్రార్థన చెయ్యమనే కదమ్మా చెప్తివి? దాస్తే సైతానుకే బలం." రాహేలమ్మ సంచి సర్దుకుంది. "ఒళ్ళంతా ఒకటే నొప్పులు. మంగళవారం చింతామణికి పోయి, బస్సులో సీటు దొరక్క నిలబడే వచ్చినా. వస్తానమ్మా."

ఏం పని మీద పోయిందో మాత్రం చెప్పలేదు.

ఆదివారం ఆరాధనకు ముందే పాస్టరయ్య వినుతను పక్కకు పిలిచాడు. "తల్లులు భయపడతాండారమ్మా. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో." ఎనిమిదేళ్ళుగా ఆమె నడిపిన పిల్లల బడి తాళంచెవి రాహేలమ్మ కొంగుకు చేరింది. వినుతకు ఏడుపు రాలేదు. ఇంతకింత చెయ్యకపోతే తన పేరు వినుతే కాదనుకుంది.

దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి మైకు అందుకుంది.

"మాత్రలు మింగుతాండేది నేనే. నాలుగు నెలలు నిద్ర లేదు, బతకాలనే లేదు. ఇప్పుడు మేలు." ఆమె రాహేలమ్మ వైపు తిరిగింది. "ఈ మాట చెప్పే ధైర్యం రాహేలక్కే ఇచ్చింది. మంగళవారం ఆ డాక్టరు దగ్గర నా పక్కనే కూర్చోనుండాది. పదేళ్ళుగా అవే మాత్రలంట. నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. అక్క కోసం కూడా అందరూ ప్రార్థన చెయ్యండి."

రాహేలమ్మ ముఖం పాలిపోయింది. "అబద్ధం! నేను పోయింది మా చెల్లెలింటికి!"

"మొన్న వాకిట్లో చింతామణికి పోయినానని ఆమే కదా చెప్పింది" అని వెనక ఎవరో గొణిగారు.

"నాకేం పిచ్చా? నాకు మాత్రలేంది?"

ఆమె అరిచేకొద్దీ ఆడవాళ్ళు జాలిగా తలలాడించారు. వినుత వెళ్ళి ఆమెను గట్టిగా వాటేసుకుంది.

"సిగ్గుపడొద్దక్కా. దాస్తే సైతానుకే బలం."

"హల్లెలూయా!" చర్చి దద్దరిల్లింది. ఆరాధన ముగిశాక పాస్టరయ్య కళ్ళు తుడుచుకుంటూ రాహేలమ్మ దగ్గరికి వచ్చాడు.

"కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమ్మా" అని తాళంచెవి కోసం చెయ్యి చాచాడు.

ఆ మంగళవారం వినుత బాగేపల్లి దాటలేదు.