పసుపు చెప్పులు

తేదీ మార్చి తొమ్మిది, ఆదివారం. సమయం పదకొండుంబావు. సంఘటన జరిగినప్పుడు అక్కడ ఉన్నవారు: తల్లి, మూడేళ్ళ బాబు, ఎనిమిది నెలల పాప, బెంచీ మీద ఒక ముసలాయన.

ఫిర్యాదు కాగితంలో అంతవరకు నింపి, 'ముసలాయన' అన్న మాట కొట్టేసి 'అపరిచిత వ్యక్తి' అని దిద్దింది తల్లి.

ఆ వ్యక్తి చేసిన నేరం రాయబోతే కలం ఆగింది. ఆయన ఏమీ దొంగిలించలేదు. పిల్లల్ని తాకనైనా లేదు.

జరిగింది ఇంతే. పార్కులో భర్త రోలర్ కోస్టర్ వరుసలో నిలబడ్డాడు. ఆయన దిగాక ఆమె ఎక్కాలని, అంతదాకా స్ట్రోలర్లు నిలిపేచోట పిల్లలతో కూర్చోవాలని ఒప్పందం. కూర్చోవడం మాటవరసకే. పాప పాలకు ఏడుపు, బాబు ఫౌంటెన్ వైపు పరుగు. వాడు ఇల్లు పీకి పందిరేసే రకం. కాలు కాలిన పిల్లిలా ఆమె స్ట్రోలర్ చుట్టూ తిరుగుతూనే ఉంది. చాలదన్నట్టు గేటు దగ్గరే ఎడమ చెప్పు పట్టీ తెగితే, పాప గుడ్డలకు తెచ్చిన పిన్నీసుతో సరిపెట్టుకుంది.

అప్పుడు బెంచీ మీది పెద్దమనిషి బాబును పలకరించాడు.

"నీ పేరేంటి?"

"నాన్న."

"ఎవరితో వచ్చావు?"

"నాన్న."

తల్లి నవ్వింది. ఇంటిల్లిపాదీ వాణ్ణి నాన్నా, నాన్నా అనే పిలుస్తామనీ, అసలు పేరు బడిలో వేసేదాకా బీరువాలోనే ఉంటుందనీ చెప్పింది.

ఆయన నవ్వలేదు.

"పేరు నేర్పండమ్మా. ఈ జవాబు విన్నవాళ్ళు, వీడు వాళ్ళ నాన్నను వెతుకుతున్నాడనుకుంటారు."

ముక్కూ మొహం తెలియని మనిషి తనకు పిల్లల పెంపకం నేర్పడం ఆమెకు నచ్చలేదు. ఆయన అంతటితో ఊరుకోనూ లేదు. బాబు ఎదుట నేల మీద చతికిలబడి, "మీ అమ్మ చెప్పులు ఏ రంగో చూడు. బాగా చూడు" అన్నాడు.

బాబు వంగి చూసి, "పసుపు. పిన్నీసు" అన్నాడు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

'నా పాదాలను పరిశీలించమని నా కుమారుణ్ణి ప్రేరేపించాడు' అని రాసి సంతకం చేసింది.

సహాయ కేంద్రంలో గుమాస్తా ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే ఆయన వార్షిక పాసు రద్దవుతుందని చెప్పింది.

"ఒక్కసారి ఆలోచించండి మేడమ్. ఆయన ఏళ్ళ తరబడి వస్తున్నారు."

"అయితే ఏళ్ళ తరబడి ఇదే పనన్నమాట."

గుమాస్తా ఆయన్ను పిలిపించి, పాసు తీసుకుని రెండు ముక్కలు చేసింది. సెక్యూరిటీ మనిషి దారి చూపించాడు. ఆయన వాదించలేదు. గేటు దాటేముందు మాత్రం వెనక్కి తిరిగి, మరోసారి ఆమె చెప్పుల వంకే చూశాడు.

పన్నెండున్నరకు పాపకు డైపర్ మార్చే గదిలో ఆమె రెండు చేతులూ పాప మీదే ఉన్నాయి. స్ట్రోలర్ పట్టీ పట్టుకుని నిలబడమంటే బాబు నిలబడ్డాడు.

తల తిప్పి చూస్తే పట్టీ ఊగుతోంది. బాబు లేడు.

పాపను చంకనేసుకుని ఆమె ముందుగా ఫౌంటెన్ వైపే పరుగెత్తింది. మైకులో ఏదో చెబుతున్నారు. ఒక బాబు సహాయ కేంద్రంలో ఉన్నాడట, నాన్న కోసం వెతుకుతున్నాడట, బాబు తండ్రి వెంటనే రావాలట. ఆ మాటలు చెవినపడ్డాయి గాని బుర్రకెక్కలేదు. ఆమె నీళ్ళ అడుగుకేసి చూస్తోంది. తండ్రినుంచి తప్పిపోయినవాడు ఎవరి బిడ్డో. తన బిడ్డ తప్పిపోయింది తననుంచి.

మైకు ఆ తండ్రిని మూడుసార్లు పిలిచింది. ఆమె సహాయ కేంద్రం ముందునుంచే ఒకసారి పరుగెత్తుకుపోయింది.

నాలుగోసారి మాట మారింది.

"పసుపు చెప్పులు, ఎడమదానికి పిన్నీసు. ఆ తల్లి ఎక్కడున్నా రావాలి."

ఆమె నిలబడిపోయి తన కాళ్ళ వంక చూసుకుంది.

బాబు బల్ల కింద కూర్చుని బిస్కెట్ తింటున్నాడు. గుమాస్తా భోజనానికి వెళ్ళిందట; మైకు దగ్గరున్న కుర్రాడు పేరడిగితే నాన్న, ఎవరు కావాలంటే నాన్న అన్నాడట. చివరికి బల్ల కిందికి దూరి, వచ్చేపోయేవాళ్ళ కాళ్ళు చూడడం మొదలుపెట్టాడట. ఎందుకని అడిగితే అమ్మ చెప్పుల సంగతి చెప్పాడట.

ఆమె బల్ల కిందికే వంగి వాణ్ణి హత్తుకుంది. ఆ ఎత్తునుంచి చూస్తే ఒక్క మొహమూ కనబడలేదు. అన్నీ కాళ్ళే.

ఆ పెద్దాయన్ను వెనక్కి పిలవమంది. సెక్యూరిటీ మనిషి బస్టాపు దాకా పరుగెత్తి ఒంటరిగా తిరిగొచ్చాడు.

ఈలోగా భర్త చెదిరిన జుట్టుతో వచ్చి, "ఇక నీ వంతు, వెళ్తావా?" అని అడిగి, ఆమె మొహం చూసి పాపను అందుకున్నాడు.

ఇచ్చిన ఫిర్యాదును చించడం కుదరదు, ఉపసంహరించుకోవచ్చు అంది అప్పుడే తిరిగొచ్చిన గుమాస్తా. ఆమె కొత్త కాగితం తీసుకుని ఎదుటి వ్యక్తి పేరు రాయాల్సిన గడి దగ్గర ఆగింది.

"ఆయన పేరేంటండీ?"

"నాన్న."

"మా వాడిది కాదు. ఆయనది."

గుమాస్తా పాసు ముక్కలు రెండూ పక్కపక్కన పెట్టింది. పేరు గడిలో అచ్చక్షరాల్లో ఉంది: నాన్న.

తల్లి అదే పేరు రాసి, సంతకం చేసి, కాగితం మడిచి ఇచ్చింది.

"పార్కు కట్టకముందు ఇక్కడ ఎగ్జిబిషన్ పెట్టేవారటమ్మా" అంది గుమాస్తా, ఆ కాగితాన్ని సొరుగులో పెట్టి మూస్తూ. "చిన్నప్పుడు అందులో తప్పిపోయి, పేరడిగితే ఆయనా మీ వాడిలాగే చెప్పారట. అనాథాశ్రమం వాళ్ళు అదే రాసుకున్నారు. పొద్దుగూకేదాకా మైకులో వాళ్ళ నాన్ననే పిలిచారట, ఆయన్ను వెంటబెట్టుకొచ్చింది అమ్మ అని ఎవరికీ తట్టలేదు."