ఒక్క గ్లాసు

"చూసింది రాసి ఇక్కడ సాక్షిగా సంతకం పెట్టమ్మా," అంటూ గురునాథరావు కాగితం అహల్య ముందుకు జరిపాడు. "హోలీనాడు మా అబ్బాయి కాలు జీపు కింద నలిగినప్పుడు చూసింది నువ్వొక్కదానివే."

"భంగు తాగేడు కదా బాబూ."

"ఒక్క గ్లాసు. మత్తులో ఉంటే పాలసీ వర్తించదంటారు గానీ, ఒళ్ళు తెలియకపోతేనే మత్తు. ఆ మాటకి అర్థం అదే."

అహల్య లేచి ట్రంకుపెట్టెలోంచి ఒక ఉత్తరం తెచ్చింది. మూడేళ్ళ క్రితం ఆమె భర్త సింహాచలం లారీ కింద పడి చనిపోయినప్పుడు, ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిములు చూసే ఈ గురునాథరావే పంపిన ఇంగ్లీషు ఉత్తరం.

"తెలుగులో చదవండి."

ఆయన గొంతు తగ్గించాడు. "మద్యం వాసన ఉంటే మత్తులో ఉన్నట్టే. ఎంత తాగాడన్నది అనవసరం. క్లెయిము చెల్లదు."

"పెళ్ళిలో ఒక్క గ్లాసు ఇప్పసారా తాగేడు. ఈ కాయితంతోటి మా కాలనీ, సెక్టర్ 4 అంతా తాగుబోతని పేరెట్టేరు. ఇందాక చెప్పిన అర్థం దీని కింద రాసి సంతకం ఎట్టండి."

"అది రాస్తే నీ ఫైలు మళ్ళీ తెరవాలి. నా ఉద్యోగం..."

"మరి మీవాడి కాలు?"

ఆయన పెన్ను తీశాడు. రాసి, సంతకం పెట్టాడు. ఉత్తరాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టి తాళం వేశాకే అహల్య ఆయన కాగితం అందుకుంది.

"మీవాడు తిన్నగానే నడిచేడు. అదే రాస్తాను," అంది. "ఆ రోజు మా ఆయనా తిన్నగానే నడిచేడు. పక్కన నేనే ఉన్నాను. మీరు నన్ను అడగనేదు."