డెస్మండ్ మోకాలు

“అబ్బా, మోకాలు!” అంటూ డెస్మండ్ మళ్లీ బండ మీద కూలబడ్డాడు.

ఇంగ్లండులోని యార్క్‌షైర్ బీడుకొండల మీద ఎదురుగాలి కొడుతోంది. థెల్మా అతని పక్కన కూర్చుని, ఆయాసం బయటపడకుండా ఊపిరి తీసుకుంది. తన గుండెజబ్బు సంగతి డెస్మండ్, బ్రిన్ – ఈ స్నేహితులిద్దరికీ ఆమె చెప్పలేదు. చెబితే కొండెక్కనివ్వరని భయం.

“ఈ కాళ్లతో ఎందుకొచ్చావయ్యా?” అని కసిరింది.

“నువ్వు రమ్మంటే వచ్చా.”

బ్రిన్ ఫ్లాస్కులోంచి టీ పోశాడు. “తొందరేముంది? కొండ ఎక్కడికీ పోదు.”

అంతలో కింద ఊబిలోంచి గొర్రె అరుపు వినిపించింది. పాపం, పొట్టదాకా దిగబడిపోయింది. డెస్మండ్ ఒక్క ఉదుటున లేచి, రాళ్ల మీంచి గెంతుతూ పరుగెత్తాడు. గొర్రెను కొమ్ములు పట్టి బయటికి లాగి, అంతే వేగంగా పైకి ఎక్కి వచ్చాడు. ఒక్క క్షణం ఆలోచించి, “అబ్బా, మోకాలు” అన్నాడు.

థెల్మా అతని వంక తేరిపార చూసింది. పొద్దుటినుంచీ తనకు ఊపిరాడనప్పుడల్లా అతనికి మోకాలు నొప్పి వస్తూనే ఉంది.

“ఎప్పట్నుంచి తెలుసు?”

“ఏది?”

“నా గుండె సంగతి.”

డెస్మండ్ చేతుల బురద తుడుచుకున్నాడు. బ్రిన్ చెప్పాడు: “మీ చెల్లెలు ఫోన్ చేసింది. నిన్ను ఆపమంది. మా మాట వినదమ్మా అని చెప్పాం.”

“మరి నాతో అనలేదేం?”

“అంటే ఒక్కదానివే వచ్చేదానివి.”

ఆమె టీ తాగేసి కప్పు బ్రిన్‌కి ఇచ్చింది. తర్వాత, “బస్సు రోడ్డు ఎటువైపు?” అని అడిగింది.

ఇన్నేళ్ల నడకల్లో ఆమె నోట బస్సు మాట రావడం అదే మొదటిసారి. బ్రిన్ ఆమె సంచీ కోసం చెయ్యి చాపాడు.

ఆమె ఇచ్చేసింది.