మేకల దొంగ సాక్ష్యం

సువార్త సభల్లో పాస్టరు యోనా తన బతుకు మారిన సాక్ష్యం చెబుతుంటే జనం చెవులు రిక్కించేవారు. "రక్షణ పొందక ముందు నేను మేకల దొంగను" అని మొదలుపెట్టేవాడు. నిజానికి ఆయన చిన్నప్పుడు జామకాయ కూడా దొంగిలించలేదు. ఉన్నదున్నట్టు చెబితే ఎవరూ మైకు ఇవ్వరని భయం.

రెండువేల నాలుగులో జూలూరుపాడు సభలో, అడవి అంచు ఊరివాడైన ముసలి పగిడయ్య లేచాడు.

"అయ్యగారూ, పదేండ్ల కింద నా మేకపోతు పోయింది. కొట్టేసింది మీరేనా?"

కాదంటే సాక్ష్యం అబద్ధమైపోతుంది. "అవ్, నేనే" అన్నాడు యోనా. మర్నాడే తన మేకపోతును తోలిచ్చాడు.

మరుసటి ఆదివారం చర్చి ముందు తమ మేకలూ పోయాయంటూ పదకొండు మంది వరుసకట్టారు. ఒకాయన ఏకంగా బర్రె పోయిందన్నాడు.

యోనా మైకు పట్టుకుని ఏడ్చేశాడు. "నేను దొంగను కాను. ఇన్నేండ్లు దేవుని పేరుతో అబద్ధం చెప్పిన. క్షమించుండ్రి."

వరుస కరిగిపోయింది. పగిడయ్య మాత్రం సాయంత్రానికి ఆ మేకపోతును తెచ్చి తాడు యోనా చేతిలో పెట్టాడు.

"నా పోతును చిరుతపులి ఎత్కపోయింది అయ్యగారూ. నా కండ్లతోనే చూసిన."

"మరి నన్నెందుకు అడిగినవ్ పెద్దయ్యా?"

"పులి ఒప్పుకోదు గదా! మీరైతే ఒప్పుకునేటట్టున్నరని అడిగిన."