చచ్చిన డ్రాగన్ పెళ్ళికొచ్చింది

"థూ!"

సునీల్‌కుమార్ పుస్తకాన్ని బల్ల మీదికి విసిరికొట్టాడు. దుమ్ము లేచి పెంచలయ్య టీ గ్లాసులో పడింది.

"ఏమప్పా, అద్దె పుస్తకమది. అట్ల ఇసిరేస్తే ఎట్ల?" అన్నాడు పెంచలయ్య.

"అద్దె గూడానా? దీన్ని సదివినందుకు నువ్వే నాకియ్యాల. యుద్ధంలో తెల్ల డ్రాగన్ తల తెగి సచ్చిందా? కాల్చి బూడిద గూడా చేసేసిరా? నాలుగు కాయితాలు తిప్పితే పెండ్లికొచ్చి ముందు వరసలో కూర్సోనుండాది!"

అంగట్లో అందరూ పకపకా నవ్వారు.

తిరుపతిలో ఆ సందులో పెంచలయ్య అద్దె పుస్తకాల అంగడికి సాయంత్రమైతే అదే సందడి. పుస్తకం తిరిగి ఇచ్చేవాళ్ళు అది ఎలా ఉందో నలుగురి ముందూ చెప్పాలి. బాగుందంటే అరలోకి పోతుంది. అందరూ బాగాలేదంటే బయట గంగులమ్మ శెనక్కాయల బండికి పోతుంది, పొట్లాలకు.

జాహ్నవి ఒక్కతే ఎప్పుడూ నోరు విప్పేది కాదు.

ఏర్పేడు దగ్గర పల్లె నుంచి బస్సులో వచ్చి ఇంటర్ చదువుతోంది. నలుగురు తనవైపు చూస్తే చాలు, గొంతులో మాట గొంతులోనే ఉండిపోయేది. ఈ నవ్వుల్లో ఒక్కసారైనా తన మాటకు చోటు దొరకాలని ఆమెకు ఎంతో ఆశ.

ఆ 'రెక్కల కోట' నవల ఆమె కూడా చదివింది. పిల్ల డ్రాగన్‌ను నరికిన రాజును తల్లి డ్రాగన్ మరుసటి పుటలోనే ముద్దుగా వీపు మీద ఎక్కించుకుంటుంది. ఆ రోజు జాహ్నవికి అన్నం సయించలేదు.

"అసయ్యం!" భారతమ్మ టీచరు ముక్కు చిట్లించింది. "గుడ్డు పెట్టకముందే పిల్ల ఎగిరిపోయె. పేజీల నంబర్లు లేవు. రాసినోడి పేరుండే మొదటి కాయితమే లేదు."

"సిగ్గుపడి ఆయనే సించుకోని పోయుంటాడు లే టీచరమ్మా!" అన్నాడు సునీల్‌కుమార్.

మళ్ళీ నవ్వులు.

గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు.

ఎప్పటినుంచి నిలబడి ఉన్నాడో, ఒక ముసలాయన. మాసిన పంచె, భుజాన గుడ్డసంచి, వేళ్ళనిండా మరకలు. మెల్లగా లోపలికొచ్చి బల్ల మీది పుస్తకం తీసుకున్నాడు. అట్టను అరచేత్తో తడిమాడు. పుటలను కళ్ళకు ఆనించుకుని ఒక్కొక్కటే తిప్పాడు. ఆయన ముఖం పాలిపోయింది.

"తప్పు నాదేనయ్యా," అన్నాడు. "ఒక్కదినం నా చేతికియ్యండి. సక్కజేసి తెచ్చిస్తా."

అందరూ ఆయన వైపు తిరిగారు.

సునీల్‌కుమార్ ఆయన సంచినీ, వేళ్ళ మరకలనూ చూసి పెంచలయ్యను మోచేత్తో పొడిచాడు. "ఓహో! దీన్ని రాసిన మహానుభావులు తమరేనా సామీ!"

ముసలాయన ఏదో చెప్పబోయాడు.

భారతమ్మ చెప్పనివ్వలేదు. "ఇంకేం సక్కజేస్తావయ్యా? సచ్చినోళ్ళను మల్లా సంపుతావా?"

"అట్ల గాదమ్మా, నేను..."

"మాకు సదివే కర్మ పట్టింది సాలదా? నీ కతలు గూడా ఇనాల్నా?" అన్నాడు పెంచలయ్య, టీలో పడిన దుమ్మును వేలితో తీస్తూ.

ఆ నవ్వులు జాహ్నవికి కూడా ఎక్కాయి. అన్నం సయించని ఆ రోజు గుర్తొచ్చింది. ఏ ధైర్యం వచ్చిందో, గొంతు తెరుచుకుంది.

"మీరింక పుస్తకాల జోలికి పోబాకండి. మీ చెయ్యి పడితే మంచి కత గూడా సచ్చిపోతాది!"

"శభాష్ పాపా! ఇన్నాళ్ళూ యాడ దాసిపెట్టినావు ఈ మాటలన్నీ?" సునీల్‌కుమార్ చప్పట్లు కొట్టాడు.

జాహ్నవి చెవులు వెచ్చబడ్డాయి.

ముసలాయన ఆమె వైపు చూశాడు. తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు. పుస్తకాన్ని నిద్రపోతున్న బిడ్డను దించినట్టు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

"గంగులమ్మా, ఇదిగో, నీకే!" పెంచలయ్య పుస్తకాన్ని బండి మీదికి గిరాటేశాడు.

మరునాటి సాయంత్రం జాహ్నవి శెనక్కాయల కోసం బండి దగ్గర ఆగింది.

గంగులమ్మ కింద కూర్చుని చిరిగిన గోనెసంచి కుడుతోంది. బండి మీద 'రెక్కల కోట' కాగితాలు ఒక దొంతరగా ఉన్నాయి. జాహ్నవి పై కాగితం తీసి చదివింది. తెల్ల డ్రాగన్ పెళ్ళికొచ్చింది. ఇంకొన్ని కాగితాలు తిప్పితే యుద్ధం. తెల్ల డ్రాగన్ చచ్చిపోయింది. రాజును వీపు మీద ఎక్కించుకుని ఆడించిన తల్లి, తర్వాత ఆ రాజే తన పిల్లను నరికితే, రెక్కలు ముడుచుకుని కొండలా కూర్చుండిపోయింది.

జాహ్నవి కళ్ళు నిండాయి. ఏర్పేడు బస్సు వెళ్ళిపోయింది.

"అక్కా, మిగతా కాయితాలేవి?"

"యాడుండాయి పాపా? సగం నిన్ననే పొట్లాలైపోయె. ఈ మిగిలినేవి ఆ ముసలాయనే వరసగా పేర్సినాడు. మీరు నవ్వి పంపినాక ఈడనే కూర్సోని, ఒకోటీ కండ్లకాడ పెట్టుకోని సూస్తా."

"ఇంత బాగా రాసి, అట్లెందుకు అచ్చేపించినాడు? ఆయన మల్లా వస్తే సెప్పక్కా, నేను మాట్లాడాల."

గంగులమ్మ దారం కొరికి, చేతిలోని దబ్బనాన్ని పైకెత్తి చూపించింది.

"ఇంకెందుకొస్తాడు? మీ అంగట్లో పనడగదామని వచ్చినాడంట పాపం. రాసినాయన గాదు పాపా, సూపు ఆనక కాయితాల కట్టలు ఎనకా ముందూ పెట్టి ఆ పుస్తకాన్ని బైండింగు చేసినాయన, 'ఆ పాప సెప్పిందే నిజం, ఇంక పుస్తకం ముట్టను' అని తన దబ్బనం నాకిచ్చేసి పోయినాడు."