డేగ పగ

"సంతాప పుస్తకంలో ఒక మాట రాయండి సార్," అంటూ ఫోటో క్లబ్బు కార్యదర్శి పెన్ను అందించాడు.

"రాసేదేం లేదు. మాట్లాడతాను. మైకు ఎప్పుడిస్తారు?" అన్నాడు డేగ.

కార్యదర్శి గతుక్కుమన్నాడు. డేగ అంటే మామూలు మనిషా! పక్షుల ఫోటోల్లో అతన్ని మించినవాడు లేడు. అలాంటివాడు పిలవకుండా వచ్చాడంటే ఏదో ఉందన్నమాటే. పైగా పోయిన మాస్టారికీ అతనికీ తొమ్మిదేళ్ళుగా ఉప్పూ నిప్పూ.

"ఒకరి తర్వాత మీరే సార్. కాస్త... మంచిగా..."

"నిజం మాట్లాడతాను. మంచో చెడో మీరే తేల్చుకోండి."

వెళ్ళి మూడో వరుసలో కూర్చున్నాడు. గోడల నిండా మాస్టారు తీసిన ఫోటోలు. కొండలు, మంచు, నీళ్ళు తాగుతున్న జింకలు. మైకు ముందున్నాయన మాస్టారిని మహానుభావుడంటున్నాడు.

"చచ్చినవాడి కళ్ళు చారెడు," అని డేగ పళ్ళు నూరాడు.

కెమెరా పట్టడం నేర్పింది మాస్టారే, కాదనడు. బురదలో బోర్లా పడుకోవడం, పిట్ట రెక్క విప్పేదాకా ఊపిరి బిగబట్టడం, చివరికి డేగ అనే పేరు కూడా ఆయనిచ్చినవే. ఆరేళ్ళు ఆ ఇంట్లోనే తిన్నాడు, ఆ ఇంట్లోనే పడుకున్నాడు.

ఆ తర్వాతే వచ్చింది పెద్ద పోటీ. గూట్లో నోళ్ళు తెరిచిన మూడు పిల్లలు, తల్లి ముక్కున పురుగు, ఎక్కడా ఒక్క ఆకు అడ్డం లేదు. డేగ తీసిన ఆ ఫోటోకి మొదటి బహుమతి ఖాయమన్నారు అందరూ.

ప్రదర్శన తెరిచే రోజు పొద్దున్నే మాస్టారు వచ్చి, తన చేత్తోనే దాన్ని గోడమీంచి దించేశారు.

"ఎందుకు మాస్టారూ?"

"కారణం అడక్కురా. ఇంతకంటే మంచిది తీస్తావు."

అడగడమెందుకు? కడుపుమంట కాక మరేమిటి!

అప్పటినుంచి డేగ కనిపించిన ప్రతివాడికీ అదే చెప్పాడు. శిష్యుడు మించిపోతున్నాడని ముసలాడు కుళ్ళుకున్నాడన్నాడు. మాస్టారు ఒక్కనాడూ జవాబివ్వలేదు. ఆ ఏడే అడవికి వెళ్ళడం కూడా మానేసి, పెరటి గోడమీద పిచ్చుకల్ని తీసుకుంటూ కూర్చున్నారు.

"నా ఫోటో చూశాక చేతులు పడిపోయాయి," అని డేగ దానికీ నవ్వాడు. మాస్టారి శిష్యులు ఒక్కొక్కరే జారుకున్నారు.

అయినా పగ చల్లారలేదు. బతికుండగా ఎదురుపడి అనలేకపోయాడు మరి. ఇవాళ నిండు సభలో కడిగేస్తే గానీ నిద్ర పట్టదు.

ముందు వరుసలోంచి మాస్టారి భార్య లేచి వచ్చింది.

"వచ్చావా నాయనా?"

"మాట్లాడదామని వచ్చాను పిన్నీ."

"మాట్లాడు. ఊరందరికీ చెప్పావు. మా ముందు చెప్పడానికే ఇన్నేళ్ళు పట్టింది."

గొంతులో కోపమన్నది లేదు. దాంతో డేగకి ఇంకా మండింది.

ఈలోగా ఒక ముసలాయన మైకు అందుకున్నాడు. అడవి కాపలా ఉద్యోగం చేసి రిటైరైన గార్డు.

"పోయినవాళ్ళని మంచే అనాలంటారు. నాకు అబద్ధం చేతకాదండీ. ఈయన మంచివారే. ఇరవై ఏళ్ళు మా అడవిలో తిరిగారు, ఒక్క పుల్ల కదపలేదు. ఆఖర్న మాత్రం ఒక పాపం చేశారు."

హాలంతా చెవులు రిక్కించింది.

"తొమ్మిదేళ్ళ కిందటి మాట. ఫోటోకి అడ్డమని ఒక గూటి చుట్టూ ఉన్న కొమ్మలు తుంచేశారు. చాటు పోయింది. మర్నాటికి మూడు పిల్లల్నీ కాకులు ఎత్తుకుపోయాయి. ఆ వారం లోపలికి అనుమతి ఇద్దరికే ఉంది, ఈయనకీ, ఈయన శిష్యుడొకాయనకీ. ఇంటికెళ్ళి అడిగాను, మీరా మీ శిష్యుడా అని. నేనే అన్నారు."

డేగ కుర్చీ అంచుకి జరిగాడు.

"ఫోటో చూపించమంటే పారేశానన్నారు. నమ్మకం కుదరక, ఊళ్ళో ఏదో ఫోటోల ప్రదర్శనంటే వెళ్ళి గోడలన్నీ వెతికాను. లేదు. గూటి జోలికి పోయినవాడికి జన్మలో మళ్ళీ అడవి లేదు, అది మా రూలు. కాయితం నేనే రాశాను. సంతకం పెట్టి, ఈ సంగతి మావాళ్ళెవరికీ చెప్పకు బాబూ అన్నారు. ఆయనున్నన్నాళ్ళూ చెప్పలేదు. కానీ ఆ పిల్లలు గుర్తొస్తే ఇప్పటికీ క్షమించబుద్ధి కాదండీ."

దండం పెట్టి దిగిపోయాడు.

"అందుకా అడవి మానేశాడు!"

"ఎంత పని చేశాడు! పైకి మాత్రం పెద్దమనిషి!"

గుసగుసలు ముందు వరుసదాకా పాకాయి. మాస్టారి భార్య తల దించుకుంది.

డేగ నోరు విప్పకుండానే మాస్టారి పరువు మంటగలిసింది. తొమ్మిదేళ్ళు కోరుకున్నది ఇదే. ఇక మెదలకుండా లేచి ఇంటికి పోతే సరిపోతుంది.

"సార్, మీ వంతు," అన్నాడు కార్యదర్శి.

కాళ్ళు తలుపువైపే లాగాయి. నాలుగడుగులు అటే వేశాడు కూడా. ఆగి, వెనక్కి తిరిగి, మైకు దగ్గరికి నడిచాడు.

"పిన్నీ, తలెత్తండి. కొమ్మలు తుంచింది నేను," అన్నాడు. "ఆ గూడు ఎక్కడుందో కూడా మాస్టారికి తెలీదు."