గది అడగడానికి వచ్చినాయన

"నా పక్కన నడవకండి. కాస్త వెనకాల రండి," అంది నున్జియా, తల తిప్పకుండా.

"వెనకాల వస్తే మీరు చెప్పేది వినపడదు కదా సిన్యోరా," అన్నాడు ఎత్తోరే.

"మీకు వినపడకపోయినా ఫరవాలేదు. పైన వినేవాళ్ళు చాలామంది ఉన్నారు."

నిజమే. నేపుల్స్‌లో గోడలకి చెవులుంటాయో లేదో గానీ, సనితా పేటలో బాల్కనీలకి ఉంటాయి. ఆరేసిన దుప్పట్ల మధ్య నుంచి అప్పటికే రెండు మూడు తలలు బయటికొచ్చాయి.

ఎత్తోరే టురిన్‌లో నున్జియా చెల్లెలి పక్కింటాయన. బడిపంతులు పని మానేశాడు, భార్య పోయింది, అక్కడి చలి పడటం లేదు. వేసవంతా చెల్లెలింట్లో గడిపి వచ్చిన నున్జియా మాట పట్టుకుని, దోన్నా తిత్తీనా మేడ మీది గది అద్దెకడగడానికి వచ్చాడు. గది తిత్తీనాదే అయినా తేల్చేది సందు. పగలంతా మనిషిని పేటలో తిప్పాలి, అందరూ చూడాలి, సాయంత్రం ఆవిడ మాట చెబుతుంది. కాదంటే రాత్రి బండికి టురిన్ పోవాల్సిందే.

సందుని కాదని ఏదైనా చేస్తే ఏమవుతుందో రొట్టెల కొట్టు మరియూచ్చా విషయంలో అందరూ చూశారు. ఆమె ఎవరికీ చెప్పకుండా సలెర్నోలో పెళ్ళి చేసుకుని మొగుణ్ణి వెంటబెట్టుకొచ్చింది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆమె రొట్టె కోసం బాల్కనీల్లోంచి తాళ్ళు కట్టిన బుట్టలు దిగడం మానేశాయి, అంతే. ఏడాది తిరక్కుండా కొట్టు మూతబడింది.

అందుకే నున్జియాకి కాలు నిలవడం లేదు. చేతిసంచీ ఈ భుజం మీంచి ఆ భుజానికి మారుస్తూనే ఉంది.

కాఫీ కొట్టు చీరో కాఫీ పక్కన నీళ్ళ గ్లాసు పెట్టి, కళ్ళార్పకుండా చూశాడు. కాఫీ తాగాక నీళ్ళు తాగితే, బాగోలేదని నోరు కడుక్కున్నట్టే. ఎత్తోరే నీళ్ళు ముందే తాగేశాడు. చీరో మొహం విచ్చుకుంది. అదే ఊపులో నున్జియా కప్పులో చక్కెర వెయ్యబోయాడు.

"ఆవిడకి వద్దు," అన్నాడు ఎత్తోరే.

చెంచా గాల్లో ఆగింది. "మీకెలా తెలుసు?"

నున్జియా చేతిసంచీ మళ్ళీ భుజం మార్చింది.

"వాళ్ళ చెల్లెలు చెప్పింది. అక్కా చేదే, అక్క కాఫీ కూడా చేదేనట."

చీరో పగలబడి నవ్వాడు. "మీ చెల్లెలికి అబద్ధమాడటం రాదు నున్జియా!"

బయటికి రాగానే ఆమె పళ్ళు నూరింది. "నా చక్కెర సంగతి మీకెందుకండీ?"

"నోరు జారింది."

"నోటితో ఆగితే బాగుణ్ణు."

మధ్యాహ్నం పుర్రెల గుహకి వెళ్ళారు. ఊరూ పేరూ లేని ఆ పాత పుర్రెల్లో ఒకదాన్ని దత్తు తీసుకుని, దుమ్ము తుడిచి, కోరికలు చెప్పుకోవడం ఆ పేట ఆడవాళ్ళ అలవాటు. ఎత్తోరే ఎవరూ చెప్పకుండానే టోపీ తీశాడు. నున్జియా తన పుర్రె ముందు చాలాసేపు పెదాలు కదిపింది.

"ఏం కోరుకున్నారు?"

"మీరు సాయంత్రం దాకా నోరు మూసుకుని ఉండాలని."

తిరిగొచ్చేసరికి చినుకులకి నల్లరాళ్ళ దారి నున్నగా మెరుస్తోంది. అతను చెయ్యి అందించాడు. ఆమె నిప్పు తగిలినట్టు తన చెయ్యి వెనక్కి లాక్కుని, జారి, పెప్పినో కూరల బండి మీద పడింది.

"పట్టుకోవే తల్లీ! మొక్కజొన్న సంకటి తినే ఉత్తరాదివాడు, కరవడు!" అని పైనుంచి కేక. బాల్కనీలన్నీ నవ్వాయి.

సాయంత్రం తిత్తీనా గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. చుట్టూ చీరో, పెప్పినో, పైన తలలు.

"చూశాం. గది ఇవ్వను," అంది.

నున్జియా మొహం పాలిపోయింది. "ఎందుకని దోన్నా తిత్తీనా? ఆయనేం తప్పు చేశాడు? నీళ్ళు ముందే తాగాడు! గుహలో టోపీ తీశాడు!"

"చూశావురా, ఎలా వెనకేసుకొస్తోందో," అంది తిత్తీనా పెప్పినోతో. తర్వాత నున్జియా వైపు తిరిగింది. "అద్దె దండగ. నీకు రెండు గదులున్నాయి, తోడు లేదు. ఆయనకి తోడూ లేదు, గదీ లేదు. సందంతా మధ్యాహ్నమే తేల్చేసింది. ఈయన్ని చేసుకో."

"నేనా? ఈ వయసులో పెళ్ళా? సందులో తలెత్తుకు తిరగొద్దూ?"

"తలెత్తితే కనపడేది మేమే. మేం సరేనంటున్నాం."

"పోయిన మా ఆయన ఏమనుకుంటాడు?"

"ఆయనతో నేను మాట్లాడతాలే. బతికున్నప్పుడు నా మాట ఎన్నడైనా కాదన్నాడా?"

ఎత్తోరే గొంతు సవరించుకున్నాడు. "నాకు ఆలోచించుకోడానికి కాస్త..."

"నువ్వుండవయ్యా! నిన్నెవరడిగారు?"

నున్జియా రెండు చేతుల్లో మొహం దాచుకుంది. భుజాలు అదురుతున్నాయి.

"ఏడవకే పిచ్చిదానా," అంది తిత్తీనా, తనూ కళ్ళు తుడుచుకుంటూ. "చర్చిలో నేనే దగ్గరుండి చేయిస్తాను."

"మీరంతా ఇంతగా అంటుంటే... ఇక నేనేం చెప్పను," అని చేతుల చాటునుంచే గొణిగింది నున్జియా.

బాల్కనీలు చప్పట్లతో దద్దరిల్లాయి.

వాళ్ళిద్దరికీ టురిన్‌లో పెళ్ళయి అప్పటికి నెల దాటింది.